ఉత్తరాల గుట్ట ఎక్కడ పడింది?

మన రాజోలి వీధుల్లో పొద్దున నడిచిపోతుంటే మగ్గాల చప్పుడు టకటకమని వినిపిస్తుంది కదా పిల్లలూ. ఏదో ఒక ఇంట్లో ఆ చప్పుడు ఆగిందనుకోండి, మీరేమంటారు? "మామ పని మానేసినాడు" అంటారు. మామ మానలేదు బిడ్డా. గుంటలో కాళ్ళు పెట్టుకొని, చేతిలో నాడె పట్టుకొని కూర్చునే ఉన్నాడు. కండె అయిపోయింది. కండెలు చుట్టి అందియ్యాల్సిన అత్తకు రాత్రి నుంచి జ్వరం. నేత ఆగింది మగ్గం దగ్గరే, కానీ మగ్గంలో తప్పేమీ లేదు.

మీరు చీర నేసేవాణ్ణే చూస్తారు. ఎందుకంటే అతను వీధికి కనిపిస్తాడు. నూలు చిలపలు నానబెట్టేవాళ్ళు, రంగు అద్దేవాళ్ళు, ఆసు పోసేవాళ్ళు, పడుగుకు గంజి పెట్టి ఆరబెట్టేవాళ్ళు, అచ్చు అతికేవాళ్ళు, కండెలు చుట్టే ముసలమ్మలు, వీళ్ళంతా ఇంటి లోపలో పెరట్లోనో ఉంటారు. గద్వాల చీర అంటే ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల దారాలు వేరువేరు చేతుల మీదుగా వచ్చి ఒకే మగ్గం మీద కలవాలి. అందులో ఒక్క చెయ్యి ఆగినా చీర ఆగుతుంది. ఏ చెయ్యి ఆగిందో కనుక్కోవడానికి మా పెద్దవాళ్ళు ఎవరినీ తిట్టేవాళ్ళు కాదు, ఊరికే ఇల్లంతా ఒకసారి తిరిగి చూసేవాళ్ళు. చిలపలు గుట్టగా పడి ఉండి, కండెల బుట్ట ఖాళీగా ఉంటే ఆగింది రాట్నం. కండెల బుట్ట నిండుగా ఉండి మగ్గం ఊరుకుంటే ఆగింది నేతగాడు. సరుకు ఎక్కడ గుట్టపడిందో, దాని పక్కనున్న మనిషికే ఏదో అయింది. అంతే లెక్క.

ఈ లెక్కతోనే నేను కొన్నేళ్ళు హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసి జీతం తెచ్చుకున్నాను. నవ్వకండి. ఇవాళ చెప్పబోయేది కూడా అదే, ఉత్తరాలు పంచే కంప్యూటరు లోపల ఇట్లాంటి పనివాళ్ళే ఉంటారని.

మీకిప్పుడు వాట్సాప్ గ్రూపులున్నాయి. అవి రాకముందు మెయిలింగ్ లిస్టులుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. ఒకే ఒక్క చిరునామా ఉంటుంది. దానికి మీరొక ఉత్తరం రాస్తే, పేరిచ్చుకున్న అయిదు వందల మందికీ ఆ ఉత్తరం చేరుతుంది. మొదట్లో ఈ పేర్లు చేర్చడం, తీసెయ్యడం ఎవరో ఒక మనిషి కూర్చొని చేత్తో చేసేవాడు. 1986లో పారిస్‌లో ఎరిక్ తోమా అనే కుర్రాడు లిస్ట్‌సర్వ్ అని ఒక ప్రోగ్రాము రాసి ఆ చాకిరీని యంత్రానికి అప్పజెప్పినాడు.

మన తెలుగువాళ్ళు దీన్ని ఎంత వాడుకున్నారో చెబితే మీరు నమ్మరు. 1990లలో అమెరికాలో చదువుకొనే పిల్లలకు కంప్యూటర్లో తెలుగు అక్షరమే లేదు. అయినా తెలుగులో పోట్లాడుకోకుండా ఉండగలరా? హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకునే పద్ధతి ఒకటి తయారుచేశారు, ఆర్‌టీఎస్ అంటారు. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. దాంతోనే ఛందస్సు మీద, ఆవకాయ మీద, రాజకీయాల మీద పేజీలకు పేజీలు రాసుకున్నారు. యాహూలో రచ్చబండ అని ఒక గుంపు ఉండేది, అక్కడ సాహిత్యం మీద జరిగిన వాదనలు చదువుతుంటే అన్నం సంగతి మరిచిపోయేవాళ్ళం. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియా మొదలుపెట్టినాక దానికీ ఒక మెయిలింగ్ లిస్టు వచ్చింది. యాహూ గుంపులు 2020 డిసెంబరు 15న మూతబడ్డాయి. వికీపీడియా లిస్టులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి, ఎందుకంటే వాటిని నడిపే ప్రోగ్రాము ఒక కంపెనీ సొత్తు కాదు. దాని పేరు మెయిల్‌మ్యాన్. జాన్ వియేగా అనే ఆయన డేవ్ మాథ్యూస్ బ్యాండ్ అనే పాటల బృందం అభిమానుల కోసం మొదలుపెట్టినాడు, తర్వాత బ్యారీ వార్సా చేతిలో పెరిగి పెద్దదైంది. పాటల పిచ్చిలోంచి పుట్టిన పనిముట్టు కదా, నాకు అందుకే అదంటే కొంచెం ఎక్కువ ఇష్టం.

సరే, లోపలికి పోదాం. నేను ఎక్కువగా చూసింది మెయిల్‌మ్యాన్ రెండో తరం, కాబట్టి దాని సంగతే చెబుతాను. సర్వర్ లేచినప్పుడు ముందు ఒక పెద్ద లేస్తాడు. మన మాస్టర్ వీవర్ లాగా తను నెయ్యడు, నేయిస్తాడు. ఆయన ఎనిమిది మంది పనివాళ్ళను లేపుతాడు, వాళ్ళను రన్నర్లంటారు. ఒకడు వచ్చిన ఉత్తరం తీసుకొని "ఇది లిస్టులో ఉన్నవాళ్ళు రాసిందేనా, మరీ పెద్దదిగా ఉందా" అని చూస్తాడు. ఒకడు దాన్ని అందరికీ పంపుతాడు. ఒకడు పాత ఉత్తరాల కట్టలో ఒక ప్రతి దాస్తాడు. ఒకడు తిరిగొచ్చిన ఉత్తరాల లెక్క చూస్తాడు. "నన్ను చేర్చుకోండి, నన్ను తీసెయ్యండి" అనే అర్జీలకు ఒకడు. సర్వర్ తనే పుట్టించే జవాబులకు ఒకడు. న్యూస్ గ్రూపులకు ఒకడు. మొదటిసారి పోనివాటిని మళ్ళీ ప్రయత్నించడానికి ఒకడు. వీళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఒక్కొక్కడి ముందు ఒక్కొక్క ఫోల్డరు ఉంటుంది. తన ఫోల్డర్లోంచి ఒక ఉత్తరం తీసుకుంటాడు, పని చేస్తాడు, తర్వాతివాడి ఫోల్డర్లో పడేస్తాడు. ఫోల్డరు ఖాళీ అయితే ఒక సెకను కునుకు తీసి మళ్ళీ చూస్తాడు.

ఈ ఫోల్డర్లన్నీ డిస్కు మీద ఉంటాయి, కంప్యూటరు జ్ఞాపకంలో కాదు. మన ఊళ్ళో కరెంటు పోయిందనుకోండి, తెరమీద మీరు రాస్తున్నది పోతుంది. సర్వర్ ఫోల్డర్లో పడిన ఉత్తరం పోదు, కరెంటు వచ్చినాక ఎక్కడిది అక్కడే ఉంటుంది. 2009 అక్టోబరులో సుంకేసుల ఆనకట్ట మీదుగా తుంగభద్ర పొంగి ఊరి మీదికి వచ్చినప్పుడు మగ్గం గుంటల నిండా బురద చేరింది, పడుగులూ చీరలూ నీళ్ళపాలైనాయి. ఆ నష్టం చూసినవాణ్ణి కాబట్టే, సగంలో ఉన్న పనిని గట్టుమీద పెట్టి ఆ తర్వాతే చెయ్యి వేసే ఈ పద్ధతి నాకు అంత ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు మా తమ్ముని కొడుకు సంగతి. అమెరికాలో ఉంటాడు, అక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒకదానికి లిస్టు చూసిపెడతాడు. ఒక ఏడు ఉగాది ముందు ఫోన్ చేసినాడు.

"పెద్దనాయనా, ఉగాది పిలుపు ఎవరికీ పోతలేదు. రీస్టార్ట్ కొడితే గంటసేపు నడిచింది, మళ్ళీ ఆగింది. ఇంకోసారి కొట్టాల్నా?"

"కొట్టకురా, ఆగు. ఎవరికీ పోతలేదా, కొందరికి పోతలేదా?"

కాసేపు ఎవరెవరినో అడిగి వచ్చినాడు. "కొందరికి అదే పిలుపు మూడుసార్లు వచ్చిందంట. మిగతావాళ్ళకు ఒక్కసారి కూడా రాలేదంట."

"పాత ఉత్తరాల కట్టలో కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది పెద్దనాయనా, నిన్నటివన్నీ ఉన్నాయి."

అది విన్నాక నాకు నిద్రమత్తు వదిలింది. చూడండి బిడ్డా, ఆ రెండు మాటల్లో ఎంత సంగతి ఉందో. కట్టలో ఉత్తరం కనిపిస్తుందంటే తీసుకునేవాడు బాగున్నాడు, దాచేవాడు బాగున్నాడు. ఇంక మిగిలింది పంపేవాడు. కొందరికి మూడుసార్లు చేరిందంటే వాడు పనిలోకి దిగుతున్నాడు, సగంలో పడిపోతున్నాడు, లేచి మళ్ళీ మొదటినుంచి పంచుతున్నాడు. జాబితాలో ముందున్నవాళ్ళకు మూడుసార్లు, వెనకున్నవాళ్ళకు సున్నా. సర్వర్ నా కంటికి కనపడకుండానే, ఏడు సముద్రాల అవతలి నుంచి, రోగం ఎవడిదో తెలిసిపోయింది. ఈ వయసులో కూడా ఆ సంతోషం నాకు తగ్గలేదు.

"నడుస్తున్న పనివాళ్ళను లెక్కపెట్టు. పెద్దతో కలిపి తొమ్మిది మంది ఉండాలి" అన్నాను. లెక్కపెట్టినాడు. ఎనిమిది. లేనివాడు పంపేవాడే. వాడి ముందున్న ఫోల్డర్లో ఫైళ్ళు గుట్టగా ఉన్నాయి, మిగతా ఫోల్డర్లన్నీ ఖాళీ.

మరి పనివాడు పడిపోతే లేపడానికి పెద్ద ఉన్నాడు కదా, ఎందుకు లేపలేదు? లేపినాడు. పదిసార్లు లేపినాడు. మెయిల్‌మ్యాన్‌లో అదొక కట్టుబాటు, ఒక రన్నర్‌ను పదిసార్లకంటే ఎక్కువ లేపరు. ఆ పది వరసగా పడిన పది కానక్కర లేదు. పెద్ద లేచినప్పటి నుంచి లెక్క, ఆయన మరిచిపోడు. అది దాటితే చిట్టాలో "హద్దు దాటింది, ఇంక లేపను" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. రీస్టార్ట్ కొడితే గంటసేపు నడవడం అందుకే. పెద్ద కొత్తగా లేచినాడు, లెక్క సున్నా నుంచి మొదలైంది. రోగం పోలేదు, లెక్క మాత్రం చెరిగింది.

చిట్టాలు చదవడం గురించి ఒక మాట. వాటి పేరు లాగులు. పిల్లలు వాటిని చూసి భయపడతారు, ఏదో చీమల బారు లాగా ఉంటాయని. నిజానికి అంత సూటిగా మాట్లాడేవాళ్ళు మనుషుల్లో కూడా తక్కువ. ఫలానా నిమిషంలో, ఫలానావాడు, ఫలానా కారణంతో పడిపోయినాడు, అంతే. మెయిల్‌మ్యాన్‌కు పనివాళ్ళ హాజరు చిట్టా వేరే, తప్పుల చిట్టా వేరే, పంపకాల చిట్టా వేరే. అన్నింటికంటే కింద, యంత్రం మొత్తాన్ని నడిపే లినక్స్ కెర్నెల్‌కు తన సొంత చిట్టా ఉంటుంది. మావాడిని అది తెరవమన్నాను. అక్కడ దొరికింది అసలు జవాబు. మెమరీ అయిపోయింది, అందుకని ఒక ప్రాసెస్‌ను చంపేశాను అని కెర్నెల్ రాసిపెట్టి ఉంది. మెమరీ మొత్తం నిండిపోతే యంత్రమే కూలిపోతుంది కాబట్టి, ఎక్కువ మింగుతున్నవాణ్ణి ఒకణ్ణి చూసి తీసేసే అధికారం కెర్నెల్‌కు ఉంది. పంపేవాడు చచ్చింది వాడంతట వాడు కాదు, కెర్నెల్ తీర్పు వల్ల.

ఎందుకంత మింగినాడు? ఇక్కడే మావాడు నసిగినాడు. మామూలుగా మెయిల్‌మ్యాన్ 40 కిలోబైట్లు దాటిన ఉత్తరాన్ని పంపకుండా ఆపి, చూసుకొనేవాణ్ణి అడుగుతుంది. సంఘం కార్యదర్శి గారు పోయిన ఏడాది సంబరాల ఫోటోలన్నీ పెట్టి పిలుపు తయారుచేసినారు. అది ఆగిపోతుందని మావాడు ఆ హద్దును సున్నా చేసినాడు. సున్నా అంటే హద్దే లేదని అర్థం. పైగా ప్రతి సభ్యుడి పేరూ వేసి విడివిడిగా పోవాలని ఇంకో మీట నొక్కినాడు, అంటే ఒక్కొక్కరికీ ఒక్కొక్క ప్రతి తయారు కావాలి. అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్. దాని మీద ఫోటోల మూట. ఆపైన, పిలుపు అందినవాళ్ళు "తప్పకుండా వస్తాం" అని జవాబు రాస్తూ ఆ ఫోటోల్ని కూడా తోకలా కట్టి మళ్ళీ లిస్టుకే పంపినారు. వాటిని కూడా పంచాలి కదా!

ఇంకో చిన్న అందం ఉంది ఇందులో. రన్నర్ ఒక ఉత్తరం చేతికి తీసుకోగానే ఆ ఫైలు పేరు మారుస్తాడు, చెరపడు. సగంలో చస్తే, తర్వాత లేచినవాడు ఆ మారిన పేరును చూసి "ఓహో, ఇది సగంలో ఉంది" అని మళ్ళీ ఎత్తుకుంటాడు. ఉత్తరం పోకూడదు కదా. కానీ చంపేది ఆ ఉత్తరమే అయితే? లేచినవాడల్లా దాన్నే ఎత్తుకొని చస్తూ పోతాడు. అందుకని మూడుసార్లు చూసి, ఆ తర్వాత దాన్ని షంట్ అనే పక్క ఫోల్డర్లోకి నెట్టేస్తారు. రైల్వేలో పాడైన పెట్టెను పక్కపట్టాల మీదికి తోసినట్టన్నమాట, పేరు కూడా అక్కడిదే. కొందరికి మూడుసార్లు చేరి ఆగింది ఇందువల్ల.

వైద్యం రెండు నిమిషాల పని. గుట్టలోని ఫోటోల ఉత్తరాలను పక్కన పెట్టించి, హద్దు మళ్ళీ పెట్టించినాను. ఫోటోలను వేరే చోట పెట్టి, ఉత్తరంలో లింకు మాత్రం ఇవ్వమన్నాను. అప్పుడు కొట్టమన్నాను రీస్టార్ట్. మావాడు ఫోన్ పట్టుకొనే ఫోల్డర్లో ఫైళ్ళు లెక్కపెడుతూ చదివినాడు, తగ్గుతున్నాయి, తగ్గుతున్నాయి అని.

అన్ని జబ్బులూ చావులు కావు బిడ్డా. తొమ్మిది మందీ నడుస్తుంటారు, అయినా ఒకే ఒక్క లిస్టు ఆగిపోతుంది, మిగతా లిస్టులు హాయిగా నడుస్తాయి. అట్లాంటప్పుడు తాళం చూడాలి. ఒక లిస్టు రిజిస్టరును ఇద్దరు ఒకేసారి దిద్దితే లెక్క తారుమారవుతుంది, కాబట్టి దిద్దేవాడు ముందు తాళం ఫైలు ఒకటి పెడతాడు. తాళం పెట్టినవాడు దిద్దుతూ చనిపోతే తాళం అట్లాగే ఉండిపోతుంది. మెయిల్‌మ్యాన్‌లో లిస్టు తాళానికి మామూలుగా 5 గంటల ఆయుస్సు. అంతదాకా వచ్చినవాడల్లా తలుపు తట్టి వెనక్కి పోతాడు. తాళం ఫైలు పేరులోనే పెట్టినవాడి ప్రాసెస్ నంబరు ఉంటుంది. ఆ నంబరుగలవాడు బతికి ఉన్నాడో లేడో చూసి, లేడని తేలితేనే తీసెయ్యాలి. చూడకుండా తీసేసే తొందరవాళ్ళుంటారు. వాళ్ళకంటే 5 గంటలు ఊరకున్నవాడే మేలని నా లెక్క.

ఇంకోటి నత్తనడక. పంపకాల చిట్టాలో, ఫలానా ఉత్తరం ఇంతమందికి పంపడానికి ఇన్ని సెకన్లు పట్టిందని ప్రతిసారీ రాసి ఉంటుంది. నిన్న రెండు సెకన్లు పట్టింది ఇవాళ రెండు వందలు పడితే పనివాడు బద్ధకస్తుడని కాదు. చాలాసార్లు పక్కనున్న మెయిల్ సర్వర్ ప్రతి చిరునామానూ "ఈ ఊరు ఉందా, ఈ ఊరు ఉందా" అని బయట విచారించి గాని పుచ్చుకోవట్లేదు. ఆ విచారణ వద్దని చెబితే సరి.

వీళ్ళెవరికీ సంబంధం లేకుండా గడియారం చూసుకొని వచ్చే కూలీలు కొందరున్నారు, క్రాన్ పనులంటారు. మధ్యాహ్నం 12కు రోజంతటి ఉత్తరాల మూట కట్టడం, ప్రతి నెలా 1వ తేదీన సభ్యత్వం గుర్తుచెయ్యడం వీళ్ళ పని. 1వ తేదీ ఉత్తరం రాలేదంటే రన్నర్లను విసిగించకండి, క్రాన్‌ను అడగండి.

2014 ఏప్రిల్‌లో అయితే లోకమంతా ఒకేసారి జబ్బు చేసింది. పనివాళ్ళందరూ క్షేమం, ఫోల్డర్లు ఖాళీ, తప్పుల చిట్టా శుభ్రం. అయినా సభ్యులు లిస్టుల్లోంచి రాలిపోతున్నారు! అయిందేమంటే, దొంగ ఉత్తరాల బాధ పడలేక యాహూ ఒక చాటింపు వేసింది. మా పేరుతో వచ్చి, మా దగ్గరనుంచి నేరుగా రాని ఉత్తరాన్ని పుచ్చుకోకండి అని. లిస్టు చేసే పనే అది కదా, యాహూ చిరునామా ఉన్నాయన రాసిన ఉత్తరాన్ని ఆయన పేరుతోనే తన చేత్తో పంచడం. జీమెయిల్ లాంటివాళ్ళు చాటింపు విని తిప్పికొట్టినారు. తిరిగొచ్చిన ఉత్తరాల లెక్క చూసేవాడికి రాసినవారి సంగతి పట్టదు. అందనివాడి ఖాతాలో రోజుకు ఒక మార్కు వేస్తాడు, 5 మార్కులైతే పంపకం ఆపేస్తాడు. యాహూ నుంచి రాసినది ఒకరు, లిస్టు నుంచి ఆగిపోయింది జీమెయిల్ ఉన్న ఇంకొకరు. పాపం, ఏ తప్పూ లేనివాళ్ళు. మెయిల్‌మ్యాన్‌వాళ్ళు, రాసినవారి చిరునామా ఉండేచోట లిస్టు చిరునామా వేసే వీలు కల్పించి గండం గట్టెక్కించినారు.

ఇంక ఆ షంట్ ఫోల్డరు మిగిలింది. అందులోవాటిని మళ్ళీ దారిలో పెట్టడానికి ఒక ఆజ్ఞ ఉంది, కొడితే అన్నీ ఒక్క ఊపున పోతాయి. కొట్టేముందు ఒక్కొక్కటీ తెరిచి చూడమని నేను ఎవరికైనా చెబుతాను. ఇంకో సంఘంలో ఒకాయన చూడకుండా కొట్టినాడు. ఎప్పుడో కార్తీకమాసంలో ఇరుక్కున్న ఉత్తరం సంక్రాంతి దాటినాక అందరికీ చేరింది, "రేపు పొద్దున 10కి పార్కులో వనభోజనాలు, పులిహోర మీదే" అని. మంచు కురుస్తుంటే ఇద్దరు నిజంగానే పులిహోర కలుపుకొని పోయినారంట.